ఇంగ్లండ్‌లో ఇల్లు కొనేవారికి: కన్వెయన్సింగ్ సొలిసిటర్‌ను ఎంచుకోవడం, వారితో పని చేయించుకోవడం

ఇంగ్లండ్‌లో మీరు ఇల్లు కొనేటప్పుడు మీ తరఫున కన్వెయన్సింగ్, అంటే ఇంటి హక్కు చేతులు మారే చట్టపరమైన పని, చేసే సొలిసిటర్ (న్యాయవాది) ఆ ఇంటిని ఒక్కసారి కూడా చూడరు. పక్కింటివారి కంచె ఎంత ముందుకు జరిగి ఉందో, కారు పెట్టుకోవచ్చని ఏజెంటు చూపించిన చోటు నిజంగా ఆ ఇంటికి చెందినదో కాదో వారికి తెలిసే మార్గం లేదు. వారి ముందు ఉండేవి కాగితాలు మాత్రమే. ఆ కాగితాల్లో లేనిది మీరు చెబితేనే వారికి తెలుస్తుంది. ఈ సంగతి మొదటే గ్రహిస్తే ఎవరిని ఎంచుకోవాలి, వారిని ఏమి అడగాలి, వారికి ఏమేమి చెప్పాలి అన్నది చాలావరకు తేలిపోతుంది.

మన ఊళ్లలో ఇల్లు కొనడమంటే లింకు డాక్యుమెంట్లు, ఈసీ చూపించుకుని, అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకుని, చివరికి అందరూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి సంతకాలు, వేలిముద్రలు పెట్టడం. ఇక్కడ ఎవరూ ఏ ఆఫీసుకూ వెళ్లరు. అమ్మేవారి సొలిసిటరూ కొనేవారి సొలిసిటరూ ఉత్తర ప్రత్యుత్తరాలతోనే పని ముగిస్తారు. ‘ఆఫర్ ఒప్పుకున్నారు’ అన్న మాటకు చట్టం దృష్టిలో కట్టుబాటు లేదు. కాంట్రాక్టుల ఎక్స్ఛేంజ్, అంటే ఇరువైపులా సంతకం చేసిన కాంట్రాక్టులు మార్చుకోవడం, జరిగేదాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు, అమ్మేవారు ఎక్కువ ధర ఇచ్చే మరొకరికి మాట ఇచ్చేయవచ్చు కూడా. నేను రాస్తున్నది ఇంగ్లండ్, వేల్స్ పద్ధతి గురించి. స్కాట్లండ్‌లో చట్టం, క్రమం వేరు కనుక అక్కడ కొనేవారు అక్కడి సొలిసిటర్‌నే సంప్రదించాలి.

ఎవరిని ఎంచుకోవాలి

ఈ పనికి అర్హులైనవారు ప్రధానంగా రెండు రకాలు. సొలిసిటర్లను సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ నియంత్రిస్తుంది. లైసెన్స్‌డ్ కన్వెయన్సర్లను, 1985 నాటి అడ్మినిస్ట్రేషన్ ఆఫ్ జస్టిస్ చట్టం కింద ఏర్పడిన కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వెయన్సర్స్ పర్యవేక్షిస్తుంది. మామూలు కొనుగోలుకు ఇద్దరిలో ఎవరైనా సరిపోతారు. విడాకులు, వారసత్వం, హద్దుల తగాదా వంటి చిక్కులు కలిసి ఉంటే ఆ విషయాలు చూసే విభాగాలు కూడా ఉన్న సొలిసిటర్ల సంస్థ మేలు. పేరు చెప్పినవారు నిజంగా నమోదైనవారో కాదో ఆ రెండు సంస్థల వెబ్‌సైట్లలో ఉచితంగా చూసుకోవచ్చు. లా సొసైటీ ఇచ్చే కన్వెయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు ఉందా అన్నది కూడా చూడండి. అది ఉన్నంత మాత్రాన పని చక్కగా జరుగుతుందన్న హామీ లేదు గానీ ఈ పనిని ఆ సంస్థ క్రమం తప్పకుండా చేస్తున్నదని మాత్రం తెలుస్తుంది.

ఆఫర్ ఒప్పుకున్న రోజే ఎస్టేట్ ఏజెంటు ‘మా సొలిసిటర్ ఉన్నారు, వారితో అయితే త్వరగా అయిపోతుంది’ అంటారు. ఆ సిఫారసుకు చాలాసార్లు ఏజెంటుకు రెఫరల్ ఫీజు ముడుతుంది. అది చట్టవిరుద్ధం కాదు, ఎంత ముడుతున్నదో మీకు చెప్పవలసి ఉంటుంది, కానీ వారినే పెట్టుకోవాలన్న నిబంధన ఎక్కడా లేదు. కొత్త ఇళ్లు కట్టే డెవలపర్లు కూడా ఇలాగే కొందరి పేర్లు ఇచ్చి, వారిని పెట్టుకుంటే లీగల్ ఖర్చులు మేమే భరిస్తామంటారు. ఎక్స్ఛేంజ్‌కు ఇరవై ఎనిమిది రోజుల గడువు పెట్టి తొందరపెట్టే డెవలపర్‌తోనే ఏటా ఎన్నో ఇళ్ల పని చేసుకునే సంస్థ మీ కోసం ఆ డెవలపర్‌ను ఎంత గట్టిగా నిలదీస్తుందో ఆలోచించుకోవాలి. నా మటుకు నేను ఆ డబ్బు వదులుకుని బయటివారిని పెట్టుకోమంటాను.

తెలిసినవారు చెప్పిన పేరు మంచి ఆధారమే. అయితే వారు కొన్నది ఫ్రీహోల్డ్ (నేలతో సహా సొంతమయ్యే) ఇల్లా, లీజ్‌హోల్డ్ (నిర్ణీత ఏళ్ల లీజు మీద ఉండే) ఫ్లాటా, కొత్తదా పాతదా, డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు అన్నవి అడిగి తెలుసుకోండి. మీ వ్యవహారం వేరే రకమైతే ఆ సిఫారసు విలువ అంత మేరకు తగ్గుతుంది. మీకు అప్పు ఇచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే ఆ బ్యాంకు ఒప్పుకున్న సంస్థల జాబితాలో, ఆ సంస్థ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. లేకపోతే బ్యాంకు తన కోసం మరో సొలిసిటర్‌ను పెట్టుకుంటుంది, ఆ ఖర్చు మీ మీద పడుతుంది, ఆలస్యం సరేసరి.

కొటేషన్ల విషయానికి వస్తే, 2018 డిసెంబర్ నుంచి సొలిసిటర్ల సంస్థలు ఇళ్ల కన్వెయన్సింగ్ ధరల వివరాలను వెబ్‌సైట్‌లో ప్రకటించవలసి ఉంది. అందులో రెండు భాగాలు ఉంటాయి: ఒకటి వారి సొంత ఫీజు, దాని మీద 20 శాతం వ్యాట్; రెండోది వారు మీ తరఫున ఇతరులకు కట్టే డిస్‌బర్స్‌మెంట్లు, అంటే సెర్చ్‌ల (కౌన్సిల్ వంటి చోట్ల ఇంటి గురించి చేయించే విచారణల) ఖర్చు, ల్యాండ్ రిజిస్ట్రీ (ఆస్తి హక్కులు నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రుసుము వంటివి. రెండోవి ఏ సంస్థకు వెళ్లినా దాదాపు ఒకటే. తేడా అంతా మొదటి భాగంలోనూ, ఆ కింద చిన్న అక్షరాల్లో ఉండే అదనపు వడ్డింపుల్లోనూ ఉంటుంది: లీజ్‌హోల్డ్ అయితే ఇంత, గిఫ్ట్ డబ్బు ఉంటే ఇంత, లైఫ్‌టైమ్ ఐఎస్‌ఏ (మొదటి ఇంటి కోసం ప్రభుత్వం బోనస్ ఇచ్చే పొదుపు ఖాతా) వాడితే ఇంత, స్టాంప్ డ్యూటీ రిటర్న్ నింపడానికి ఇంత. మీ పరిస్థితి పూర్తిగా రాసి, ఇవన్నీ కలిపిన మొత్తాన్ని ఈమెయిల్‌లో తీసుకోండి. మధ్యలో కొనుగోలు తప్పిపోతే ఎంత కట్టాలో కూడా అందులోనే రాయించుకోండి. ‘పని పూర్తి కాకపోతే ఫీజు లేదు’ అన్నవారు కూడా అప్పటికే చేయించిన సెర్చ్‌ల డబ్బు తిరిగి ఇవ్వరు.

అయినా నేను మొదట అడిగే ప్రశ్న ధర గురించి కాదు. నా ఫైలు రోజువారీగా ఎవరి చేతిలో ఉంటుంది, వారికి అర్హత ఉందా లేక అర్హత ఉన్నవారి పర్యవేక్షణలో పని చేసే సహాయకులా, వారు సెలవులో ఉంటే ఎవరు చూస్తారు, ఫోన్ చేస్తే నేరుగా వారితో మాట్లాడగలనా అని అడుగుతాను. మా మొదటి ఇంటికి తక్కువ ధర చూసి ఒక పెద్ద సంస్థను పెట్టుకున్నాము. మూడు నెలల్లో నలుగురు వేర్వేరు మనుషులు జవాబులు రాశారు, ప్రతివారూ మొదటి నుంచి చదువుకోవలసి వచ్చింది, అమ్మేవారి సొలిసిటర్‌కు ఒకే ప్రశ్న రెండుసార్లు వెళ్లింది. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ మోసం చేయలేదు. కాగితాలన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదివిన మనిషి ఒక్కరూ లేకపోయారు, అంతే. రెండోసారి మూడు వందల పౌండ్లు ఎక్కువ ఇచ్చి, తన పేరు మీద ఫైలు ఉంచుకునే ఒక మనిషిని వెతుక్కున్నాము.

డబ్బు ఎక్కడిదో చెప్పడం

మనవాళ్ల కొనుగోళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే. 2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం మీ డిపాజిట్ డబ్బు ఎక్కడిదో సొలిసిటర్ తెలుసుకోవాలి. మీ బ్యాంకులో ఉందని చూపితే చాలదు, ఆ బ్యాంకుకు ఎలా వచ్చిందో చూపాలి. జీతంలో దాచుకున్నదైతే స్టేట్‌మెంట్లతో సరిపోతుంది. ఇండియా నుంచి తల్లిదండ్రులు పంపినదైతే వారి గుర్తింపు పత్రాలు, వారి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆ సొమ్ము వారికి ఎలా వచ్చిందన్న రుజువు అడుగుతారు. ఇది అనుమానం కాదు, అవమానం అంతకన్నా కాదు. అడగకపోతే తప్పు వారిదవుతుంది.

మా నాన్నగారు ఇంటి స్థలం ఒకటి అమ్మి మాకు కొంత పంపారు. విక్రయ దస్తావేజు తెలుగులో ఉంది, కనుక ధ్రువీకరించిన ఇంగ్లిషు అనువాదం కావలసి వచ్చింది. అనువాదం చేరాక సొలిసిటర్ అడిగిన మొదటి ప్రశ్న: ‘దస్తావేజులో అరవై లక్షలు అని ఉంది, బ్యాంకులో పడింది యాభై తొమ్మిది లక్షల నలభై వేలు, మిగతా అరవై వేలు ఏమైనట్టు?’ అది కొన్నవారు మినహాయించి ప్రభుత్వానికి కట్టిన ఒక శాతం టీడీఎస్. మనకు తెలిసిన విషయమే, ఆమెకు తెలియదు. టీడీఎస్ సర్టిఫికెట్ పంపితే సరిపోయింది, కానీ ఆ ఒక్క కాగితం తెప్పించడానికి పది రోజులు పట్టింది. దస్తావేజు, దాని అనువాదం, టీడీఎస్ సర్టిఫికెట్, డబ్బు పడిన స్టేట్‌మెంట్, అక్కడి నుంచి ఇక్కడికి పంపిన రసీదు, ఈ అయిదూ ఇల్లు వెతకడం మొదలుపెట్టిన రోజే పోగు చేసి పెట్టుకోండి. అమ్మకంలో కొంత నగదు రూపంలో తీసుకుని ఉంటే ఆ భాగానికి చూపించడానికి కాగితం ఉండదు, ఆ డబ్బును ఈ కొనుగోలులోకి తేవాలని చూడకండి. ఇండియాలో నివసించేవారు ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో బయటికి పంపగలిగేది లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద రెండున్నర లక్షల డాలర్ల వరకే అన్నది కూడా లెక్కలో ఉంచుకోండి.

తల్లిదండ్రులు ఇచ్చింది బహుమతి అయితే, తిరిగి ఇవ్వనక్కరలేదనీ ఇంట్లో తమకు వాటా అక్కరలేదనీ వారు రాసి సంతకం చేయాలి. నిజానికి అది చేబదులైతే బహుమతి అని రాయించకండి. సాధారణంగా మీ సొలిసిటర్ మీకే కాక మీకు అప్పు ఇచ్చే బ్యాంకుకు కూడా పని చేస్తారు, అలాంటి విషయం బ్యాంకుకు తెలియజేయవలసిన బాధ్యత వారికి ఉంది. పెద్దవాళ్లు వచ్చి మీతో ఆ ఇంట్లోనే ఉండబోతుంటే అదీ ముందే చెప్పండి, ఎందుకంటే మార్ట్‌గేజ్‌లో (ఇంటి అప్పులో) పేరు లేని వయోజనులు ఆ ఇంట్లో ఉంటే వారి చేత బ్యాంకు ఒక అంగీకార పత్రం మీద సంతకం అడుగుతుంది.

ఇండియాలో ఉన్న ఇల్లు, ఇక్కడి స్టాంప్ డ్యూటీ

దీని గురించి మాత్రం కొంచెం వివరంగా రాయాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్‌లో ఇంటి ధరలో మొదటి 125,000 పౌండ్ల మీద స్టాంప్ డ్యూటీ లేదు, అక్కడి నుంచి 250,000 దాకా 2 శాతం, ఆపైన 925,000 దాకా 5 శాతం. మొదటిసారి కొనేవారికి 300,000 దాకా ఏమీ లేదు, ఆపైన 500,000 దాకా 5 శాతం. ధర 500,000 దాటితే ఈ రాయితీ పూర్తిగా పోతుంది. మరో ఇల్లు ఉన్నవారు ఇంకొకటి కొంటే మొత్తం ధర మీద అదనంగా 5 శాతం.

ఇక్కడ ‘మొదటిసారి’ అంటే ఈ దేశంలో మొదటిసారి అని కాదు, ప్రపంచంలో ఎక్కడా ఇంతకు ముందు ఇల్లు సొంతంగా లేనివారు అని అర్థం. హైదరాబాదులో మీ పేరు మీద ఒక ఫ్లాటు ఉన్నా, వారసత్వంగా వచ్చిన పాత ఇంట్లో వాటా ఉన్నా ఆ రాయితీ వర్తించకపోవచ్చు. ఇద్దరు కలిసి కొంటున్నప్పుడు ఒక్కరికి అర్హత లేకపోయినా ఇద్దరికీ పోతుంది. ఇండియాలోని ఆ ఇంటిలో మీ భాగం విలువ 40,000 పౌండ్లు లేదా అంతకు మించి ఉంటే అదనపు 5 శాతం కూడా పడే అవకాశం ఉంది, భార్యాభర్తల్లో ఎవరి పేరు మీద ఉన్నా సరే. లెక్క నివాసగృహాలకే, పొలం గానీ ఖాళీ ప్లాటు గానీ ఇందులోకి రాదు. 400,000 పౌండ్ల ఇంటికి మొదటిసారి కొనేవారు కట్టేది 5,000. మామూలుగా అయితే 10,000. అదనపు శాతం కూడా పడితే 30,000. సొలిసిటర్ ఫారంలో ‘ఇంతకు ముందు ఇల్లు ఉందా’ అన్న చిన్న గడి దగ్గర, ఇండియాది ఇక్కడ లెక్కలోకి రాదులే అనుకుని ‘లేదు’ అని టిక్కు పెట్టే మనవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ టిక్కు విలువ పాతిక వేల పౌండ్లు, తర్వాత బయటపడితే వడ్డీ, జరిమానా అదనం. పైగా పన్ను సలహా తమ పనిలో భాగం కాదని చాలా సంస్థలు ఒప్పంద పత్రంలోనే రాస్తాయి. అందువల్ల మీకున్నదంతా ఉన్నదున్నట్టు రాసి పంపి, సంశయం ఉందని వారంటే పన్ను నిపుణులను అడగండి. వేల్స్‌లో ఈ పన్ను పేరూ రేట్లూ వేరు.

కాగితాలు వచ్చాక

అమ్మేవారి వైపు నుంచి కాంట్రాక్టు ముసాయిదా, ల్యాండ్ రిజిస్ట్రీ టైటిల్ రిజిస్టర్, టైటిల్ ప్లాన్, అమ్మేవారు నింపిన టీఏ6, టీఏ10 ఫారాలు వస్తాయి. టీఏ6లో పొరుగువారితో తగాదాలు, చేసిన మార్పులు, వాటికి తీసుకున్న అనుమతులు ఉంటాయి. టీఏ10లో ఏ వస్తువులు ఇంట్లో వదిలి వెళతారో ఉంటుంది. వీటి కాపీలు అడిగి తెప్పించుకుని మీరు కూడా చదవండి. గోడ తీసి వంటగది పెద్దది చేసినట్టు మీరు కళ్లారా చూశారు, ఫారంలో మార్పులేవీ లేవని ఉంది. ఆ తేడా పట్టుకోగలిగింది మీరొక్కరే. అటక మీద గది వేసినా, గోడ తీసినా బిల్డింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం పని పూర్తయిందన్న ధ్రువపత్రం ఉండాలి, 2002 ఏప్రిల్ తర్వాత కిటికీలు మార్చి ఉంటే ఫెన్సా (కిటికీలు అమర్చేవారి నమోదు పథకం) సర్టిఫికెట్ గానీ కౌన్సిల్ పత్రం గానీ ఉండాలి.

టైటిల్ ప్లాన్‌ను ముద్రించుకుని ఇంటి దగ్గరికి వెళ్లండి. అందులో ఎర్ర గీత లోపల ఉన్నదే మీరు కొంటున్నది. మేము అలా కాగితం పట్టుకుని నిలబడ్డప్పుడు, ఇంటి పక్కన ఏజెంటు చూపించిన పార్కింగ్ చోటు గీతకు బయట ఉంది. ఆ చోట నిలబడి రెండు ఫొటోలు తీసి, ప్లాన్ మీద పెన్నుతో గుర్తు పెట్టి సొలిసిటర్‌కు పంపాము. అమ్మేవారు ఆ చోటును ఇన్నేళ్లుగా పొరుగువారి మాట మీద వాడుకుంటున్నారని తేలింది. అది దొరికాక ధర తగ్గించి అడగడానికి మాకు ఆధారం ఏర్పడింది.

సెర్చ్‌ల మీద కూడా ఉన్నదానికి మించిన నమ్మకం పెట్టుకోకండి. లోకల్ అథారిటీ సెర్చ్ మీరు కొనే ఇంటి గురించి చెబుతుంది, ఎదుటి ఖాళీ స్థలంలో రేపు అయిదంతస్తులు రాబోతున్నాయా అన్నది మామూలుగా చెప్పదు. అది కౌన్సిల్ ప్లానింగ్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవాలి. ఇంటి తడి, కప్పు, పునాది సొలిసిటర్ పని కాదు, దానికి రిక్స్ (సర్వేయర్ల వృత్తి సంస్థ) సభ్యులైన సర్వేయర్ కావాలి. ఆ సర్వే రిపోర్టులో ‘మీ లీగల్ అడ్వైజర్‌ను అడగండి’ అని ఉన్న ప్రతి వాక్యాన్నీ కత్తిరించి సొలిసిటర్‌కు పంపండి, లేకపోతే అది ఇద్దరి మధ్యా జారిపోతుంది.

లీజ్‌హోల్డ్ ఫ్లాటు అయితే శ్రమ రెట్టింపు. లీజులో ఎన్నేళ్లు మిగిలాయో మొదట చూడాలి. 80 ఏళ్ల కన్నా తగ్గితే పొడిగించుకోవడానికి అయ్యే ఖర్చు బాగా పెరుగుతుంది, అప్పు ఇవ్వడానికి కొన్ని బ్యాంకులు వెనకాడతాయి. సర్వీస్ ఛార్జీ (భవనం నిర్వహణకు కట్టేది) మూడేళ్ల లెక్కలు, రాబోయే పెద్ద మరమ్మతులు, గ్రౌండ్ రెంటు (నేల యజమానికి కట్టే అద్దె) ఏ లెక్కన పెరుగుతుందన్న క్లాజు, 11 మీటర్లు దాటిన భవనమైతే బయటి గోడల అగ్నిభద్రత పత్రాలు, ఇవన్నీ మేనేజింగ్ ఏజెంటు నుంచి రావాలి, వారు నిదానంగా ఇస్తారు. కనుక ఈ ప్రశ్నలు మొదటి వారంలోనే వెళ్లేలా చూడండి.

ఉత్తరాల విషయంలో నా పద్ధతి ఇది: రోజుకో ఫోన్ చేయను. వారానికి ఒక ఈమెయిల్, అందులో అంకెలు వేసిన ప్రశ్నలు, ఎవరి నుంచి ఏది రావాలో అడిగే ఒక వాక్యం. ‘ఎంతవరకు వచ్చింది’ అంటే ‘జరుగుతోంది’ అన్న జవాబే వస్తుంది. ‘లోకల్ సెర్చ్ ఏ తేదీన పంపారు, మూడో ఎంక్వైరీకి జవాబు వచ్చిందా’ అంటే ఫైలు తెరవక తప్పదు.

ఎక్స్ఛేంజ్, కంప్లీషన్

ఎక్స్ఛేంజ్‌కు ముందు సొలిసిటర్ మీకు టైటిల్ రిపోర్టు పంపుతారు. దాన్ని ఒక సాయంత్రం కూర్చుని పూర్తిగా చదవండి, అర్థం కాని ప్రతి పేరా గురించి అడగండి. ఇద్దరు కొంటుంటే జాయింట్ టెనెంట్లుగానా, టెనెంట్స్ ఇన్ కామన్‌గానా అన్నది అప్పుడు నిర్ణయించాలి: మొదటి పద్ధతిలో ఒకరు పోతే మొత్తం రెండోవారికి చెందుతుంది, రెండో దానిలో ఎవరి వాటా వారిది, అది వీలునామా ప్రకారం పోతుంది. ఇద్దరూ వేర్వేరు మొత్తాలు పెట్టి ఉంటే డిక్లరేషన్ ఆఫ్ ట్రస్ట్ (ఎవరి వాటా ఎంతో తెలిపే పత్రం) రాయించుకోవడం న్యాయం. మార్ట్‌గేజ్ డీడ్ మీద సంతకానికి ఇంటివారు కాని సాక్షి ఎదురుగా ఉండాలి. ఆ రోజుల్లో ఎవరైనా ఇండియా ప్రయాణం పెట్టుకుని ఉంటే ముందే చెప్పండి.

ఎక్స్ఛేంజ్ నాడు సాధారణంగా ధరలో 10 శాతం డిపాజిట్ కడతారు, ఆ తర్వాత మీరు వెనక్కి తగ్గితే అది పోతుంది. ఇంటి ఇన్సూరెన్సు సాధారణంగా ఆ రోజు నుంచే ఉండాలి. అద్దె ఇంటికి నోటీసు ఆ రోజుకు ముందు ఇవ్వకండి, ఎంతమంది ఎంత భరోసా ఇచ్చినా సరే.

డబ్బు పంపే రోజు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన రోజు. సొలిసిటర్ పేరుతో ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని ఈమెయిల్ పంపి డిపాజిట్లు దోచుకునే మోసగాళ్లు ఉన్నారు. పని మొదలైన రోజే ఖాతా వివరాలు కాగితం మీద తీసుకోండి. మారాయని సందేశం వస్తే నమ్మకుండా, మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. మొదట ఒక్క పౌండు పంపి, చేరిందని వారి నోట విన్నాకే మిగతాది పంపండి.

ఎక్కడైనా పని సరిగా జరగకపోతే మొదట ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తృప్తికరమైన జవాబు రాకపోతే లీగల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు, దానికి రుసుము లేదు. సంస్థ తన చివరి జవాబు ఇచ్చిన ఆరు నెలల్లోపు వెళ్లాలి.

కంప్లీషన్ అయి, అంటే మిగతా డబ్బు కట్టి ఇల్లు మీదై, తాళాలు చేతికి వచ్చాక కూడా సొలిసిటర్ పని మిగిలే ఉంటుంది. 14 రోజుల్లో స్టాంప్ డ్యూటీ రిటర్న్ దాఖలు చేసి పన్ను కట్టాలి, ఆపైన ల్యాండ్ రిజిస్ట్రీలో మీ పేరు ఎక్కించాలి. దానికి కొన్ని నెలలు పట్టవచ్చు, చాలామంది ఆ సంగతే మరచిపోతారు. కొత్త రిజిస్టర్ కాపీ వచ్చిన రోజు పేర్లు చూడండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, బ్యాంకులో మరో చోట, మార్ట్‌గేజ్‌లో ఇంకో తీరుగా పడడం మన పేర్లకు తరచూ జరిగేదే. మా రిజిస్టర్‌లో నా భార్య పేరులో ఒక అక్షరం పోయింది. ఆ రోజే రాస్తే సొలిసిటర్ తానే సరిదిద్దించారు. పేర్లు, ప్లాన్ మీద గీత, బ్యాంకు పేరు సరిగా ఉన్నాయని చూసుకున్నాక ల్యాండ్ రిజిస్ట్రీ వారి ఉచిత ప్రాపర్టీ అలర్ట్ సేవలో ఆ ఇంటిని నమోదు చేసుకోండి. మీ టైటిల్ మీద ఎవరైనా దరఖాస్తు పెడితే మీకు ఈమెయిల్ వస్తుంది.